పుచ్చు కట్టెలో వేటగాడిని పట్టుకోవడం ఎలా

కట్టె పుచ్చిందని తెలియగానే మన వాళ్లు ముందుగా వెతికేది మందు సీసా. ప్రొద్దుటూరులో మాకు కట్టెల అడితి ఉంది. వెదురు బొంగులు, సరుగుడు గుంజలు, వేప దూలాలు, వంటచెరకు అమ్ముతాం. ఎండలు ముదిరాయంటే చాలు, పందిరికి కొన్న బొంగుల నుంచి పిండి రాలుతోందని ఒకరు, తలుపు చట్రానికి చిల్లులు పడ్డాయని ఇంకొకరు వస్తూనే ఉంటారు. ఏ మందు కొట్టాలో చెప్పమంటారు. కొట్టేముందు ఒకసారి భూతద్దం పెట్టి చూడమని నేనంటే, మాట దాటేస్తున్నాననుకుంటారు. నిజానికి అక్కడ చూడాల్సింది చాలా ఉంది. కట్టెను తొలిచే పురుగు ఉన్న చోటికి దాన్ని తినే పురుగు కూడా వస్తుంది. రెండూ పెంకు పురుగులే. పైపైన మందు కొడితే బయట తిరిగే రెండోది ముందు చస్తుంది. చెక్క లోపల దాక్కున్న మొదటిది చాలాసార్లు బతికి బయటపడుతుంది.

ఆ రెండోదాన్ని గుర్తుపట్టడం, డబ్బాలో పట్టడం, వేటాడుతుండగా చూడటం, పనికొచ్చే చోట వదలడం ఎలాగో చెబుతాను. పెద్ద సరంజామా అక్కరలేదు. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, ఒక ఖాళీ నూనె డబ్బా, చిన్న పెయింటు కుంచె, కొంచెం ఓపిక ఉంటే సరిపోతుంది.

ముందు దొంగను గుర్తుపట్టాలి

వేటగాడిని వెతికేముందు వాడి వేట ఏమిటో తెలియాలి. కట్టెలో చిల్లు కనిపించగానే అంతా 'పుచ్చు' అనేస్తాం కానీ ఆ చిల్లు పెట్టేవాళ్లు వేరువేరు.

అసలు సిసలు బెరడు పురుగు ముక్కు పురుగుల కుటుంబంలోది. చాలావాటి పొడవు 2 నుంచి 5 మిల్లీమీటర్లు. తల్లి పురుగు బెరడుకు చిల్లు పెట్టి, బెరడుకూ చెక్కకూ నడుమ ఒక సొరంగం తవ్వుతుంది. దాని రెండు పక్కలా చిన్న గుంటలు చేసి వాటిలో గుడ్లు పెడుతుంది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు దేని దారి అది తవ్వుకుంటూ పోతాయి. పిల్ల పెరిగేకొద్దీ దారి వెడల్పవుతుంది. బెరడు ఊడదీసి చూస్తే చెక్క మీద జెర్రిని అచ్చు గుద్దినట్టు ఉంటుంది. మధ్యలో తల్లి దారి, అటూ ఇటూ పిల్లల దారులు. అన్ని జాతులూ ఇంత పద్ధతిగా తవ్వవు, చిన్నవాటి గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మా జిల్లాలో దీన్ని చూడాలంటే మామిడి తోటకు వెళ్లాలి. ఎండుతున్న మామిడి కొమ్మ బెరడు కింద హైపోక్రిఫాలస్ మాంజిఫెరే అనే గోధుమరంగు పురుగు ఉంటుంది. రెండు మిల్లీమీటర్లకు మించదు. భూతద్దం లేకపోతే మట్టి రేణువనుకుని ఊదేస్తారు.

రెండో రకం బెరడు దగ్గర ఆగదు. గుండుసూది పట్టేంత రంధ్రం చేసుకుని నేరుగా చెక్కలోకి దిగుతుంది. ఇది చెక్కను తినదు. తన వెంట తెచ్చిన బూజును సొరంగం గోడల మీద పెంచి, ఆ బూజును తింటుంది. అందుకే రంధ్రం లోపలి గోడ నల్లగా మరక పడి ఉంటుంది. అనంతపురం దానిమ్మ రైతులు షాట్ హోల్ బోరర్ అని పిలిచేది ఈ రకాన్నే.

మూడో రకం మా అడితికి పాత చుట్టం. బొంగులో డైనోడెరస్ అనే బొంగు పురుగు, తుమ్మ, సుబాబుల్ లాంటి కట్టెల్లో సైనాక్సిలాన్. ఇవి బెరడు పురుగుల కుటుంబం కాదు. చెక్కలో నిలవ ఉన్న పిండిపదార్థం కోసం తొలుస్తాయి, బెరడు తీసిన కట్టెనూ వదలవు. సైనాక్సిలాన్‌ను గుర్తుపట్టడం తేలిక. దాని వెనుక భాగం కత్తితో నరికినట్టు ఏటవాలుగా ఉండి, అక్కడ రెండు ముళ్లు పొడుచుకుని ఉంటాయి.

పురుగు కనిపించకపోతే పొడి చెబుతుంది. పొద్దున్నే కట్టెను నల్లగుడ్డ మీద పట్టుకుని తట్టండి. రాలిన పొడిని రెండు వేళ్ల మధ్య నలపండి. ముఖానికి రాసే పౌడరంత మెత్తగా, తెల్లగా ఉంటే మూడో రకం. ముతకగా, బెరడు రంగు నలుసులతో ఉంటే బెరడు పురుగు. పొడి రాలిందంటే లోపల ఇంకా పని జరుగుతోందని అర్థం. చిల్లు అంచు లేతరంగులో శుభ్రంగా ఉంటే కొత్తది. బూడిదరంగుకు తిరిగి, నోట్లో సాలెగూడు ఉంటే లోపలివాళ్లు ఖాళీ చేసి చాలాకాలమైంది, ఆ కట్టె మనకు పనికిరాదు. కోడిగుడ్డు ఆకారంలో పెద్ద చిల్లులుంటే అవి పొడుగు మీసాల పెంకు పురుగులవో, రత్నపు మెరుపు పురుగులవో. వాటి సంగతి వేరు.

పత్రికల్లో చదివి అడవులకు అడవులే ఎండిపోతాయేమోనని ఇక్కడెవరూ హడలిపోనక్కరలేదు. అంత పని చేసే బెరడు పురుగులు చలిదేశాల పైన్, స్ప్రూస్ అడవుల్లోవి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 1990లలో మొదలైన పైన్ పురుగు దాడి కోటీ 80 లక్షల హెక్టార్లకు పైగా అడవికి పాకింది. అక్కడ మైళ్ల కొద్దీ ఒకే జాతి చెట్టు. మన నల్లమల, లంకమల, పాలకొండలవి ఆకు రాల్చే ఎండు అడవులు. చెట్లు కలగలిసి ఉంటాయి. ఇక్కడి బెరడు పురుగులు ఎక్కువగా చచ్చిన కొమ్మలతో, చావుకు దగ్గరపడిన కొమ్మలతో సరిపెట్టుకుంటాయి.

వేటగాడి ఆనవాళ్లు

తొలిచే పురుగులను తినే పెంకు పురుగుల్లో ముఖ్యమైనవి క్లెరిడ్‌లు. ప్రపంచంలో దాదాపు 3,500 జాతులున్నాయి. ఒళ్లు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మీద నూగు ఉంటుంది. చాలావాటి రెక్క పెంకుల మీద ఎరుపు, నలుపు, తెలుపు పట్టీలుంటాయి. తల పెద్దది, కళ్లు పెద్దవి. చీమలా గబగబా పరుగెత్తి టక్కున ఆగుతుంది. దూరం నుంచి చూస్తే చీమే అనుకుంటాం. తేడా మీసాల్లో ఉంది. చీమ మీసం మోచేయి మడిచినట్టు మధ్యలో వంగి ఉంటుంది. క్లెరిడ్ మీసం అలా మడతపడదు, కొసన లావెక్కి ఉంటుంది. వీపు మీద నిలువునా ఒక గీత, అంటే రెండు రెక్క పెంకులు కలిసే చోటు, కనిపించిందంటే ఇక అనుమానం లేదు.

మొదటిసారే అడవి జాతిని పట్టాలని పట్టుపట్టకండి. ఆ కుటుంబం పోలిక కంటికి అలవాటు కావాలంటే కిరాణా దుకాణంలో అడుగున పడి ఉన్న ఎండుకొబ్బరి బస్తా దులపండి. దుకాణదారు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. నీలం రంగులో తళతళలాడుతూ, ఎర్రటి కాళ్లతో, అర సెంటీమీటరు పొడవున్న పురుగు దొరికితే అది నెక్రోబియా రూఫిపెస్. ఇదీ క్లెరిడే. కొబ్బరిలో, ఎండుచేపల్లో ఉంటుంది. వాటిని తింటూనే అక్కడ పెరిగే ఈగ పిల్లలనూ ఇతర పురుగుల పిల్లలనూ తింటుంది. దాన్ని గాజు సీసాలో వేసి మీసం కొస, నూగు, నడక బాగా చూసుకోండి. కట్టె మీద దాని అన్నదమ్ములు కనిపించినప్పుడు కన్ను పొరబడదు.

దీనికి దగ్గరి చుట్టం ఒకటి మనిషి ప్రాణం కాపాడిందంటే నమ్మండి. ఫ్రెంచి విప్లవకాలంలో లాట్రెయిల్ అనే మతగురువును బోర్డో నగరంలో జైల్లో పెట్టారు. ఖైదీలను చూడటానికి వచ్చిన వైద్యుడికి ఆయన నేల మీద పాకుతున్న నెక్రోబియా రూఫికాలిస్‌ను చూపించి, ఇది అరుదైనదన్నాడు. వైద్యుడు దాన్ని పురుగులంటే పడిచచ్చే ఒక కుర్రాడికి పంపించాడు. ఆ కుర్రాడికి లాట్రెయిల్ రాతలు తెలుసు. అతడి ప్రయత్నంతో లాట్రెయిల్ విడుదలయ్యాడు. తోటి ఖైదీల్లో చాలామంది బతకలేదు. ఆయన తరువాత ఫ్రాన్సులో కీటకశాస్త్రానికి పెద్దదిక్కయ్యాడు.

క్లెరిడ్‌లే కాక ఇంకొందరున్నారు. ఒంటి తీరు చూస్తే ఎక్కడ వేటాడుతుందో చెప్పేయవచ్చు. బల్లపరుపుగా అణిగి ఉంటే అది బెరడు కింది సందుల్లో తిరిగేది. గుండ్రటి కడ్డీలా ఉంటే చిల్లులో దూరి లోపలే పని కానిచ్చేది. నల్లగా నిగనిగలాడుతూ, తాకితే కాళ్లు ముడుచుకుని గింజలా పడిపోయే హిస్టరిడ్‌లలో ఈ రెండు తీర్లూ ఉన్నాయి.

పెద్ద పురుగు కంటే పిల్లను గుర్తుపట్టడమే అసలు విద్య. బెరడు ఊడదీసినప్పుడు ఎక్కువగా కనిపించేవి పిల్లలే. తెల్లగా, కాళ్లు లేకుండా, వంకీ తిరిగి ఉన్నది బెరడు పురుగు పిల్ల. వంకీ తిరిగి, ముందువైపు చిన్న కాళ్లుంటే బొంగు పురుగు పిల్ల. తిన్నగా సాగి, గులాబీరంగులోనో ఎరుపు కలిసిన రంగులోనో ఉండి, ఒంటి మీద వెంట్రుకలు, ముందు మూడు జతల కాళ్లు, గట్టి నల్లటి తల, తోక చివర రెండు కొక్కేలున్న గట్టి పలక ఉంటే అది క్లెరిడ్ పిల్ల. మందకొడిగా ఉండదు, వెలుతురు తగలగానే సందు వెతుక్కుంటూ పరుగెడుతుంది. పెద్దది బెరడు పైన తిరిగే పురుగులను పడుతుంది, పిల్ల మాత్రం సొరంగాల్లోనే ఉండి గుడ్లు, పిల్లలు, ప్యూపాలు (పిల్ల పెద్ద పురుగుగా మారే నడిమి దశ) వరసగా తినేస్తూ పోతుంది. లెక్కకొస్తే పెద్దదాని వేట కంటే పిల్ల చేసే పనే తోటకు ఎక్కువ లాభం.

ఎక్కడ వెతకాలి

అడవిలో కాదు. ఇది గట్టిగా చెప్పాలి. కడప జిల్లాలో భుజాన సంచి, చేతిలో కొడవలి పెట్టుకుని కొండవైపు నడిస్తే పురుగుల కోసం వెళ్తున్నానంటే ఎవరూ నమ్మరు. ఎర్రచందనం కోసమే అనుకుంటారు, అనుకోవడంలో తప్పు కూడా లేదు. రిజర్వు అడవిలోంచి అనుమతి లేకుండా ఎండు పుల్ల తెచ్చినా నేరమే. సిద్ధవటం దగ్గర 1986లో కలివి కోడి అనే అరుదైన పక్షి మళ్లీ కనిపించాక ఏర్పడిన శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యంలో అడుగు పెట్టాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. అనుమతి తీసుకుని వెళ్లినవాళ్లు కూడా కంటితో చూడాలి, ఫోటో తీయాలి, బెరడు ఊడదీయకూడదు.

మీ తోట, మీ పెరడు, తెలిసినవాళ్ల కట్టెల కుప్ప, ఇవే మేలైన చోట్లు. మామిడి కోత అయిపోయాక కొమ్మలు కత్తిరిస్తారు. ఆ కొమ్మలు గట్టున పడి కొన్ని వారాలయ్యాక వెళ్లండి. మణికట్టు లావున, బెరడు ఇంకా అంటి ఉన్న కొమ్మ కావాలి. గోరుతో గీకితే బెరడు కింద కొంచెం తేమ తగలాలి. పూర్తిగా ఎండి బెరడు పెచ్చులూడుతుంటే ఆలస్యమైపోయింది. పచ్చిగా ఉంటే ఇంకా ఎవరూ రాలేదు.

తొలిచేవి ముందు వస్తాయి, వాటి వెనకే వేటగాళ్లు. ఎలా తెలుసుకుని వస్తాయన్నది ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం. బెరడు పురుగు మంచి కొమ్మ దొరికిందని తోటివాళ్లను పిలవడానికి ఒక వాసన వదులుతుంది. ఆ వాసననే వేటగాడు పసిగడతాడు. యూరప్‌లోని థానాసిమస్ ఫార్మికేరియస్ అనే క్లెరిడ్ ఇలా స్ప్రూస్ బెరడు పురుగుల పిలుపు విని వాటితోపాటే చెట్టు మీద వాలుతుంది. వాళ్ల పెళ్లి పిలుపే వీడికి భోజనం పిలుపన్నమాట.

కొమ్మ దగ్గర కూర్చోవడానికి సాయంత్రం మంచిది, ఎండ వాలిన తరువాత. ముందు కొమ్మ కింద నేల చూడండి. చిన్న చిన్న రెక్క పెంకులు, తలలు, కాళ్లు విడివిడిగా పడి ఉంటే పైన ఎవరో భోంచేస్తున్నారు. నీడ పడకుండా పక్కనుంచి చూడాలి. నీడ కదిలితే కొమ్మ అవతలి వైపుకు జారుకుంటుంది. చీకటి పడ్డాక తెల్లటి దుప్పటి కట్టి బల్బు వెలిగిస్తే కొన్ని జాతులు దుప్పటి మీదికే వస్తాయి.

వెదురు దగ్గర వెతికేవాళ్లు బొంగుల కుప్పలో కింది వరస చూడాలి, పైవరస ఎండకు మాడి ఉంటుంది. మన దేశంలో బొంగు పురుగును తినే క్లెరిడ్‌గా చాలాకాలంగా పేరున్నది టిల్లస్ నొటాటస్. డైనోడెరస్ చిల్లులున్న బొంగుల మీదే తచ్చాడుతుంది.

నూనె డబ్బా పని

కొమ్మ దగ్గర కాపలా కూర్చునే తీరిక అందరికీ ఉండదు. కొమ్మను డబ్బాలో పెట్టేస్తే లోపలివాళ్లంతా మీ ఇంటికే వస్తారు. అట్టపెట్టె వద్దు. బొంగు పురుగులు అట్టను, పల్చటి ప్లాస్టిక్‌ను కూడా కొరికి బయటపడతాయి. రేకు నూనె డబ్బాయే సరైనది.

15 కిలోల నలుచదరపు డబ్బా తీసుకోండి. వేడినీళ్లు, సబ్బుపొడి పోసి రెండు మూడుసార్లు కడిగి ఎండబెట్టండి. నూనె జిడ్డు మిగిలితే పురుగుల ఒంటికి అంటుకుని ఊపిరి ఆడక చస్తాయి. పెద్ద ముఖం ఒకదాన్ని మూడు వైపులా కత్తిరించి తలుపులా తెరవండి. కోసిన రేకు అంచు చేతిని తెగ్గోస్తుంది, సుత్తితో మడిచేయండి. డబ్బాను పడుకోబెట్టి, కోసిన ముఖం పైకి ఉండేలా పెట్టి, అడుగున రెండు వేళ్ల మందం జల్లించిన ఇసుక పోయండి. దాని మీద కొమ్మలను డబ్బా పొడవుకు నరికి పేర్చండి, కిక్కిరిసి వద్దు. తలుపు మూసి, సందులను తడి బంకమట్టితో మెత్తండి.

డబ్బాకు నూనె పోసే మూతి ఒకటి ఉంటుంది కదా, అది ఇప్పుడు పక్కకు వస్తుంది. డబ్బాను పడుకోబెట్టేటప్పుడే ఆ మూతి కిందివైపుకు, ఇసుకకు దగ్గరగా ఉండేలా చూసుకోండి. ఆ మూతికి తెల్లటి నీళ్ల సీసా నోరు బిగించి మట్టితో అతకండి. సీసా అడుగు కోసేసి, అక్కడ టీ వడపోత స్టీలు జాలీ అమర్చండి. మామూలు దోమతెర గుడ్డ గుండా బెరడు పురుగు దర్జాగా నడిచిపోతుంది. టీ జాలీని దాటడం కష్టం. సీసాలో ఒక బెరడు ముక్క, నలిపిన కాగితం ముక్క వేయండి. అంతే. డబ్బా లోపల చీకటి, సీసాలో వెలుతురు. బయటికి వచ్చిన దాదాపు ప్రతి పురుగూ వెలుతురు వైపే నడుస్తుంది.

ఎక్కడ పెట్టాలన్నది చాలా ముఖ్యం. మా ఊళ్లో వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకు డబ్బా ఎండలో ఉంటే లోపలివన్నీ ఉడికిపోతాయి. ఉత్తరం వైపు వరండాలోనో చెట్టు నీడనో పెట్టండి. నాలుగు కాళ్ల పీట మీద పెట్టి, కాళ్ల కింద నీళ్ల గిన్నెలుంచండి. లేకపోతే చీమలు సీసాను ఒక్క రాత్రిలో ఖాళీ చేస్తాయి. ఇసుక మీద వారానికోసారి, పొడి గాలులు వీచే రోజుల్లో ఇంకొంచెం తరచుగా, చిలకరింపుగా నీళ్లు కొట్టండి. గోడలకు చెమ్మ పట్టేంతగా పోస్తే బూజు వస్తుంది.

తరువాత రోజూ పొద్దున సీసా చూడటమే పని. మొదటి వారాల్లో దాదాపు అన్నీ తొలిచేవే వస్తాయి. విసిగిపోయి డబ్బా తీసేసేవాళ్లు ఇక్కడే తీసేస్తారు. వేటగాడి పిల్ల కడుపు నిండా తిని, పెరిగి, ప్యూపాగా మారి బయటికి రావడానికి వాటికంటే ఎక్కువ కాలం పడుతుంది, అందుకే ఆలస్యంగా వస్తాడు. తొలకరి వానలు పడ్డాక సీసాలో సందడి పెరుగుతుంది. నడుమ సన్నటి కందిరీగల్లాంటివి కూడా వస్తాయి, కొన్నింటికి వెనక దారంలాంటి సూది ఉంటుంది. వాటిని చంపకండి. అవి బెరడు గుండా సూది దింపి, లోపలి పురుగు పిల్ల మీద గుడ్డు పెట్టేవి. మన పక్షమే.

వేట చూడటం

వేటగాడు సీసాలోకి వచ్చిన రోజు కుంచెను నీళ్లలో తడిపి దాని మీదికి ఎక్కించుకోండి. పట్టకారుతో పట్టుకుంటే కాలు ఊడివస్తుంది. వెడల్పాటి గాజుగిన్నెలో అంగుళం బెరడు ముక్క పెట్టి, దాన్ని వదిలి, ఒక గంట అలవాటు పడనివ్వండి. తరువాత రెండు మూడు బెరడు పురుగులను వేయండి.

మొదట పెద్దగా ఏమీ జరగదు. వేటగాడు బెరడు ముక్క చుట్టూ పరుగెత్తుతూ, ఆగుతూ, మీసాలు కదిలిస్తూ ఉంటాడు. ఎదుటి పురుగు వేలెడు దూరంలో ఉన్నా పట్టించుకోనట్టే ఉంటాడు. అది కాళ్లకు దగ్గరగా వచ్చాక ఒక్క దూకు. ముందు కాళ్లతో నొక్కిపట్టి, పురుగును తిప్పి, తలకూ ఛాతీకీ మధ్య మెత్తటి కీలు వెతుకుతాడు. బెరడు పురుగు ఒళ్లంతా గట్టి పెంకే, ఆ కీలు ఒక్కటే పళ్లు దిగే చోటు. అక్కడ కొరికి తల వేరు చేసి, తెరుచుకున్న చోటునుంచి లోపలి కండ తినేస్తాడు. ఖాళీ డొప్పను వదిలేసి మీసాలు తుడుచుకుంటాడు. కొమ్మ కింద మీరు చూసిన ముక్కలు ఇలా పడ్డవే. భూతద్దం గాజు మీద ఆనించి చూస్తే పురుగు కాళ్లు ఇంకా కొట్టుకుంటూ ఉండటం కనిపిస్తుంది. సున్నితంగా ఉండేవాళ్లు కొంచెం దూరంగా కూర్చోవచ్చు.

బెరడు పురుగులు అయిపోతే వంటింట్లో మేత ఉంది. అలసందలు, పెసలు పుచ్చితే వచ్చే పొట్టి పురుగులను వేయండి. అమెరికాలో థానాసిమస్ డ్యూబియస్ అనే క్లెరిడ్‌ను ప్రయోగశాలలో పెంచినవాళ్లు పెద్ద పురుగులకు అలసంద పురుగులనే మేపారు. నీళ్ల కోసం తడిపిన దూది ఉండ ఒకటి చాలు. పిల్లలను పెంచాలనుకుంటే మాత్రం ఒక్కోదాన్ని ఒక్కో చిన్న సీసాలో ఉంచాలి. కలిపి ఉంచితే రెండో రోజుకు ఒకటే మిగులుతుంది, అదీ బాగా లావై.

వీళ్లను నమ్ముకోవచ్చా

ఈ ప్రశ్నకు సమాధానం పాత చరిత్రలోనే ఉంది. అమెరికాలోని పశ్చిమ వర్జీనియాలో పైన్ అడవులు ఎండిపోతుంటే హాప్‌కిన్స్ అనే కీటకశాస్త్రవేత్త 1892లో జర్మనీ వెళ్లి థానాసిమస్ ఫార్మికేరియస్‌లను పట్టి తెచ్చి వదిలాడు. అవి అక్కడ నిలదొక్కుకోలేదు. ఆ చలికాలం గడ్డకట్టే చలికి పైన్ పురుగుల దాడి దానంతట అదే పడిపోయింది. ఇంగ్లండ్ కథ దానికి తలకిందులు. బ్రిటన్‌లో 1982లో పెద్ద స్ప్రూస్ పురుగు కనబడింది. దాని సొరంగం చెత్త వాసన పట్టి వచ్చే రైజోఫాగస్ గ్రాండిస్ అనే వేట పురుగును పెంచి 1984 నుంచి అడవుల్లో వదిలారు. అది బాగా పాతుకుపోయింది. అంతకుముందే సోవియట్ జార్జియాలో ఇదే పని చేసి ఫలితం చూశారు. ఆఫ్రికాలో నిలవ మొక్కజొన్నను పిండి చేస్తున్న పురుగు కోసం, బొంగు పురుగు కుటుంబంలోదే అది, టెరెట్రియస్ నైగ్రెసెన్స్ అనే హిస్టరిడ్‌ను మధ్య అమెరికా నుంచి తెచ్చి 1991లో టోగోలో వదిలారు. అది కొన్నిచోట్ల పనిచేసింది, కొన్నిచోట్ల అంతంత మాత్రమే.

నాకు అర్థమైనంతలో, ఒకే పురుగు మీద ఆధారపడి బతికే వేటగాడు గట్టిగా పనిచేస్తాడు. దొరికిందల్లా తినే క్లెరిడ్ లాంటివాడు సంఖ్యను అదుపులో ఉంచుతాడే కానీ తుడిచిపెట్టడు. కాబట్టి మీ ఇంటి తలుపు చట్రాన్ని క్లెరిడ్ కాపాడుతుందని ఎదురుచూడకండి. చట్రానికి పట్టిన పుచ్చుకు వడ్రంగిని పిలవాలి. బొంగులు కొనేవాళ్లు కొత్త బొంగును కొన్ని వారాలు నీళ్లలో నానబెడితే పిండిపదార్థం తగ్గిపోయి పురుగుకు రుచి ఉండదు. ఇంటి లోపల వాడే బొంగుకు బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పట్టించవచ్చు, వానలో తడిసే పందిరికి మాత్రం అది కడుక్కుపోతుంది. వెన్నెల రోజుల్లో నరికిన బొంగు పుచ్చుతుందని, చీకటి రోజుల్లో నరికింది నిలుస్తుందని మా వ్యాపారంలో పెద్దలంటారు. నేను మాత్రం నానబెట్టడాన్నే నమ్ముతాను.

తోటల్లో వేటగాడికి విలువ ఉంది. పురుగు పట్టిన ఎండుకొమ్మలను తోటలో ఉంచమని నేను చెప్పను, అవి పక్కచెట్లకు ముప్పే. అయితే తీసిన వెంటనే తగలబెడితే లోపలి వేటగాళ్లు కూడా కాలిపోతారు. బాగా చిల్లులు పడ్డ కొన్ని కొమ్మలను డబ్బాకెక్కించి, మిగిలినవి కాల్చండి. రోజూ పొద్దున సీసా విప్పి వేరు చేయండి. కుంచెతో క్లెరిడ్‌లను, హిస్టరిడ్‌లను, కందిరీగలను ఒక గిన్నెలోకి తీయండి. మిగతావాటిని సబ్బునీళ్లలో ముంచేయండి. వేటగాళ్లను సాయంత్రం పూట, మళ్లీ కొమ్మలు ఎండుతున్న చెట్టు మొదలు దగ్గర బెరడు మీద వదలండి. ఆ చెట్టుకు ఆ వారం, ముందు వారం మందు కొట్టి ఉండకూడదు. ఎక్కడివి అక్కడే వదలాలి. ప్రొద్దుటూరు పురుగును తెచ్చి బెంగళూరు తోటలో వదిలే పని పెట్టుకోవద్దు.

ఒక్కోదాన్ని వదిలే ముందు మూడు ఫోటోలు తీయండి. వీపు, పక్క, మీసం కొస. పక్కన మిల్లీమీటరు గీతల స్కేలు పెట్టండి. ఏ చెట్టు కొమ్మ, ఏ తేదీన డబ్బాలో పెట్టారు, ఏ తేదీన బయటికి వచ్చింది, దానితోపాటు ఏ తొలిచే పురుగు వచ్చింది, ఈ నాలుగూ ఒక నోటు పుస్తకంలో రాయండి. చెట్టు పేరు లేని ఫోటో చూసి కీటకశాస్త్రం తెలిసినవాళ్లు కూడా పెద్దగా ఏమీ చెప్పలేరు. సీసాలోకి నెల రోజులపాటు ఏమీ రాకపోతే తలుపు తెరిచి, మిగిలిన కొమ్మల బెరడు ఊడదీసి చివరిసారి చూడండి. ఇసుకలో ప్యూపాలుండవచ్చు, జల్లెడ పట్టి తీసి వేరే సీసాలో ఉంచండి. కట్టె పొయ్యిలోకి పోవచ్చు. డబ్బా కడిగి వచ్చే మామిడి కోతదాకా బోర్లించి పెట్టుకోండి, తుప్పు పట్టదు.